లీలమ్మగారి మేడమీది వాటా

హరిప్రియ కాపురం చేసిన ఇంటికి పిల్లల్ని తీసుకెళ్ళమని నన్ను అడిగింది మా వారు కాదు, పింటూ.

మార్చిలో పరీక్షలయిపోయాయి. కొత్త క్లాసు మొదలయ్యేలోగా పది పన్నెండు రోజుల సెలవులు. రాత్రి భోజనాల దగ్గర వాడు కంచంలో గీతలు గీస్తూ, "పిన్నీ, పెద్దమ్మ వాళ్ళింటికి వెళ్దామా? అక్కడ పొద్దున్నే మంచం దిగకుండానే జూలో సింహం అరుపు వినొచ్చు తెలుసా?" అన్నాడు.

వంశీధర్ ముద్ద కలపడం ఆపేశారు. సంహిత తలెత్తలేదు గానీ, నమలడం మానేసిందని నాకు తెలిసింది.

హరిప్రియ ఆయన మొదటి భార్య. సంహితకి ఏడేళ్ళు, పింటూకి ఏడాది నిండీ నిండని రోజుల్లో జబ్బుచేసి పోయింది. అప్పుడు వాళ్ళు హైదరాబాద్ పాతబస్తీలో, జూపార్కు దగ్గర బహదూర్‌పురాలో, జోయెల్, లీలమ్మ అనే దంపతుల ఇంట్లో మేడ మీద అద్దెకుండేవారు. తల్లి పోయాక ఈయన ఉద్యోగానికి వెళ్ళి వచ్చేలోగా పిల్లలకి నీళ్ళు పోసి, అన్నం పెట్టి, జ్వరమొస్తే ఒళ్ళో వేసుకుని కూర్చున్నది లీలమ్మే; పిల్లలు పెద్దమ్మా అని పిలిచేది ఆవిడనే. రెండేళ్ళు అలా గడిచాక బ్యాంకు వాళ్ళు కాకినాడకి బదిలీ చేశారు. నేనొచ్చింది ఆ తరవాత. ఆ మార్చికి మా పెళ్ళయి ఏడాది.

పింటూ నన్ను మొదటి వారంలోనే పిన్నిని చేసేసుకున్నాడు. సంహిత మాత్రం నన్ను ఏమని పిలవాలో తేల్చుకోలేదు. తేల్చుకోలేదు కాబట్టి అసలు పిలవడమే మానేసింది. "నూనె అయిపోయింది", "గేటు దగ్గర ఎవరో వచ్చారు" అని గోడకి చెబుతున్నట్టు చెప్పేది. పెంకితనం కాదు. పిల్ల మర్యాదగానే ఉండేది. చుట్టాలింట్లో ఉన్నంత మర్యాదగా.

"మార్చి నెలాఖరు, నాకు బ్యాంకులో ఊపిరి సలపదు. నువ్వు తీసుకెళ్తావా బిందూ?" అన్నారు వంశీధర్, నా మొహం వైపు చూడకుండా.

"వెళ్తాను," అనేశాను. అన్నాక భయమేసింది. ఆ ఇంట్లో ప్రతి గోడకీ హరిప్రియ తెలుసు. నేను ఎవరికీ తెలియదు.

ప్రయాణం రోజు సంహిత పెట్టె ఎత్తబోతే లేవలేదు. ఎండాకాలం ఊరెళ్తూ స్వెట్టరు, బడి బూట్లు కూడా సర్దింది. "ఇవన్నీ ఎందుకమ్మా?" అన్నాను. "ఉండనీ" అని జిప్పు లాగేసింది. పిల్లల సర్దుడు ఇంతే అనుకున్నాను.

తెల్లారి సికింద్రాబాద్‌లో దిగి ఆటో ఎక్కాం. పురానాపూల్ దాటేసరికి పింటూ సీటు మీద నిలవలేదు. సందు మొదట్లోనే లీలమ్మ నిలబడి ఉంది. బొద్దుగా, కొంగు నడుముకి దోపుకుని, ఒక చెయ్యి మోకాలి మీద. పిల్లలిద్దరూ ఆటో పూర్తిగా ఆగకముందే దూకి ఆవిడ మీద పడ్డారు.

"ఆగుండ్రి ఆగుండ్రి, పడగొడ్తరు నన్ను! అయ్యో నా తల్లీ, ఎంత పొడుగైనవే! ఏమే, మీ కాకినాడల నిన్ను పట్టి గుంజుతున్నరా ఏంది?"

"పెద్దమ్మా, మోకాళ్ళు ఎట్లున్నయ్? పెద్దనాన్న డ్యూటీకి పోయిండా?" అంది సంహిత.

నేను ఆటో అబ్బాయికి డబ్బులిస్తూ ఆగిపోయాను. ఏడాదిగా నా ఇంట్లో ఉన్న పిల్ల ఇది కాదు. మాట మారింది, గొంతు మారింది, నిలబడే తీరు కూడా మారింది.

లీలమ్మ అప్పుడు నావైపు చూసింది. ఆవిడ చూపులో నేను భయపడినదేదీ లేదు. అలాగని చనువూ లేదు. "రాండమ్మా, రాత్రంత రైల్ల వచ్చిన్రు. చాయ్ తాగుదురు," అంది.

మేడమీది వాటా ఖాళీగా ఉంది. అద్దెకున్నవాళ్ళు వెళ్ళి నెల దాటిందిట. "పోరలొస్తున్నరని ఎవ్వరికి ఇయ్యలే. వాళ్ళ ఇల్లు వాళ్ళకు చూపెట్టాలె గద," అన్నాడు జోయెల్, సాయంత్రం డ్యూటీ దిగి వచ్చాక. ఆయన కంచన్‌బాగ్‌లో ఒక ఫ్యాక్టరీలో ఫిట్టరు. తక్కువ మాట్లాడే మనిషి. పింటూని భుజం మీద కూర్చోబెట్టుకుని సందంతా తిప్పి తెచ్చాడు.

ఆ వంటింట్లో పై అలమర నాకు అందలేదు. హరిప్రియ పొడగరి. తనకి అందేంత ఎత్తులో మేకులు కొట్టించుకుంది, గరిటెలు తగిలించుకుంది. నేను మునివేళ్ళ మీద నిలబడి తంటాలు పడుతుంటే లీలమ్మ చూసి, కిందికి వెళ్ళి ఒక పీట తెచ్చి నా కాళ్ళ దగ్గర పెట్టింది.

రోజులు తీరుబడిగా నడిచాయి. పొద్దున్నే ఖిచిడీ, అందులోకి చింతపండు పులుసులాంటి ఖట్టా. మధ్యాహ్నం కూలరు ముందు అందరం వరసగా చాపల మీద. రంజాన్ నెల ఆఖరు రోజులవి. పొద్దుగూకేవేళ ఉపవాసం విడిచే సైరన్ మోగగానే వీధి ఒక్క నిమిషం ఊపిరి బిగబట్టినట్టుండి, తరవాత అన్ని ఇళ్ళలోంచీ గిన్నెల చప్పుడు వచ్చేది. పక్కింటివాళ్ళు పళ్ళెం నిండా ఖర్జూరాలు, పుచ్చకాయ ముక్కలు పంపేవారు. లీలమ్మ ఆ పళ్ళెం ఖాళీగా ఎప్పుడూ తిప్పి పంపలేదు. ఈ ఊళ్ళో ఎవరూ తొందరగా నిద్రపోరు, ఎవరూ తొందరపడరు అనిపించింది నాకు.

లీలమ్మ మాటల్లో హరిప్రియ వస్తూనే ఉండేది. "హరిప్రియ అయితెనా, నీళ్ళ ట్యాంకరోనితోని ఒకనాడు లొల్లి పెట్టుకున్నది..." అని మొదలుపెట్టి, నన్ను చూసి టక్కున ఆపేసేది. రెండుమూడు సార్లు చూశాను. ఒక మధ్యాహ్నం మెట్ల మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తుండగా మళ్ళీ అలాగే ఆపేసింది.

"ఆపకండి లీలమ్మగారూ," అన్నాను. "మా ఇంట్లో ఆవిడ గురించి ఎవరూ మాట్లాడరు. నేను బాధపడతానని ఆయన, ఆయన బాధపడతారని అత్తగారు. పిల్లలు ఇద్దరి మొహాలూ చూసి ఊరుకుంటారు. నాకు ఆవిడ ఎలా ఉండేదో కూడా తెలియదు. గోడ మీద ఫొటో తప్ప."

లీలమ్మ చింతపండు పక్కన పెట్టి నన్ను కాసేపు చూసింది. అప్పటిదాకా "మీరు" అన్న మనిషి, "నువ్వు విన్నంక నవ్వొద్దు మల్ల," అంది.

ఆ సాయంత్రం దాకా చెప్పింది. హరిప్రియకి ఉర్దూ రాదు, అయినా ట్యాంకరు వాడితో ఉర్దూలోనే దెబ్బలాడింది. అన్నం మాడ్చేది. బల్లి కనిపిస్తే మంచమెక్కి నిలబడేది. పెద్దగా నవ్వేది. కింద జోయెల్ నైట్ డ్యూటీ చేసొచ్చి పడుకుంటే, ఆ నవ్వుకి లేచి తిట్టుకోకుండా తనూ నవ్వేవాడట. నేను నవ్వాను. ఏడ్చాను కూడా. ఏడాదిగా నేను ఒక ఫొటోకి భయపడుతూ బతికాను. ఆ సాయంత్రం ఆ ఫొటోలోంచి అన్నం మాడ్చుకునే ఒక మామూలు మనిషి దిగి వచ్చి మా మధ్య మెట్ల మీద కూర్చున్నట్టయింది.

చీకటి పడబోతుండగా లీలమ్మ గొంతు తగ్గించింది.

"నీకొక మాట చెప్పాలె. దాస్తె తప్పయితది. సంహిత ఈడనే ఉంటనంటున్నది. ఏడో తరగతి ఈడ చదువుకుంటదంట. సామానంత సదురుకోనే వచ్చింది పోరి."

స్వెట్టరు, బడి బూట్లు. చేతిలో చింతపండు అలాగే ఉండిపోయింది.

"మీరేమన్నారు?"

"ఇల్లు నీదే బిడ్డా, ఎన్నడొచ్చినా ఉండు అన్న. గని మీ పిన్నిని నువ్వే అడగాలె, నేను అడగ అని చెప్పిన. అడిగిందా?"

"లేదు."

"అడగది. దానికి నీ మీద కోపం లేదమ్మా. నీతోని నవ్వితె తల్లిని మర్చిపోయినట్టయితదని దాని ఫికర్."

మర్నాడు పొద్దున మేడ మీద బట్టలు ఆరేస్తున్నాను. సంహిత బకెట్‌లోంచి తీసి ఒక్కొక్కటే అందిస్తోంది. ఎలా మొదలుపెట్టాలో తెలియక తిన్నగానే అన్నాను.

"నువ్విక్కడ ఉండి చదువుకోవాలనుకుంటున్నావని పెద్దమ్మ చెప్పింది. నీకు నిజంగా అలాగే బాగుంటుందంటే నాన్నతో నేను మాట్లాడతాను."

పిల్ల మొహం ఎర్రబడింది. పిండిన తువ్వాలు మళ్ళీ పిండుతూ, "వదిలించుకోవడానికా?" అంది. ఎప్పటిలాగే గోడకి చెప్పినట్టు.

"కాదు," అన్నాను. "నువ్వు లేకపోతే ఆ ఇంట్లో నాకు తోచదు. సాయంత్రం నువ్వు బడి నుంచి వచ్చి బూట్లు విసిరికొట్టిన చప్పుడు వినిపిస్తేనే నాకు రోజు పూర్తయిందనిపిస్తుంది. అయినా నువ్వు దిగులుగా ఉంటే, ఆ దిగులు నా కోసం భరించమని అడగను. ఆలోచించుకో. తొందరేం లేదు."

మిగిలిన బట్టలు కూడా అందించింది. బకెట్ ఖాళీ అయ్యేదాకా ఉండి కిందికి దిగి వెళ్ళిపోయింది.

ఉగాది ముందురోజు పిల్లల్ని జూపార్కుకి తీసుకెళ్ళాను. లీలమ్మ మోకాళ్ళ నొప్పులని ఇంట్లోనే ఉండిపోయింది. సెలవు రోజు, జనం బాగా ఉన్నారు. పింటూ నా చెయ్యి పట్టుకుని లాక్కుపోతున్నాడు. సంహిత వెనక నడుస్తోంది. ఏనుగుల దగ్గర ఉంది, నీటి పక్షుల దగ్గర ఉంది. జిరాఫీల వైపు తిరిగేసరికి వెనక లేదు.

తిరిగి చూస్తే దూరంగా చెట్టుకింద సిమెంటు బల్ల మీద కూర్చుని ఉంది. రమ్మని చెయ్యి ఊపాను. లేవలేదు. అలిసిపోయిందేమో, కాసేపు కూర్చోనీ అనుకుని జిరాఫీల వైపు అడుగు వేశాను.

"పింటూ!" అని వినిపించింది. వాడి ధ్యాసంతా జిరాఫీల మీదే ఉంది, వినలేదు.

"పింటూ!"

 మా మధ్యలోంచి పిల్లల గుంపు ఒకటి అరుచుకుంటూ పోయింది. ఆ గోలలోంచి గొంతు చీల్చుకుని వచ్చింది.

"పిన్నీ!"

పరిగెత్తాను. పిల్ల మొహం పాలిపోయి ఉంది. రెండు చేతులూ ఒళ్ళో బిగించుకుంది. "కడుపు నొప్పిగా ఉంది," అంది. తరవాత చూపు కిందికి దించి, "లేవలేను. అందరూ చూస్తారు," అంది.

అర్థమైంది. నా చున్నీ తీసి నడుము చుట్టూ కట్టాను. పక్కన కూర్చుని భుజం మీద చెయ్యి వేస్తే విదిలించుకోలేదు. 

"పెద్దమ్మని రమ్మనండి."

ఫోన్ చేశాను. సంగతి చెప్పి, "మీరు ఆటోలో వస్తారా? మిమ్మల్నే అడుగుతోంది," అన్నాను.  ఆవిడకి రావాలని ఎంత ఉండి ఉంటుందో నాకు తెలుసు. ఆ పిల్లని రెండేళ్ళు కడుపులో పెట్టుకుని చూసుకున్న మనిషి.

"నువ్వున్నవు గద బిడ్డా," అంది. "నేనెందుకు? జర నిమ్మలంగ తోలుకరా. నేను వేన్నీళ్ళు పెడ్త."

నా సంచీలో కావలసినవి ఉన్నాయి. ఆడవాళ్ళ గదికి తీసుకెళ్ళి, తలుపు బయట నిలబడి ఏం చెయ్యాలో చెప్పాను. పింటూ ఈలోగా, "అక్కకి ఏమైంది? పులి కనిపించిందా?" అని నన్ను ఊపేస్తున్నాడు. "ఏమీ కాలేదు, పెద్దదయింది," అన్నాను. "ఇప్పుడేనా? ఇక్కడేనా?" అన్నాడు వాడు. లోపల్నించి నవ్వు వినిపించింది. చిన్నదే, కానీ నవ్వే.

బయటికొచ్చాక మళ్ళీ ఆ బల్ల మీదే కూర్చున్నాం. పింటూకి ఐస్‌క్రీం కొనిచ్చి ఎదురుగా కూర్చోబెట్టాను. సంహిత చెప్పుతో నేల మీద గీతలు గీస్తూ అడిగింది.

"అమ్మ ఉంటే ఇప్పుడు ఏం చెప్పేది?"

తెలిసినట్టు ఏదో ఒకటి చెప్పొచ్చు. నోటిదాకా వచ్చింది కూడా. మింగేశాను.

"నాకు తెలియదమ్మా. నేను మీ అమ్మని చూడలేదు. పెద్దమ్మకి తెలిసి ఉంటుంది. ఇంటికెళ్ళాక అడుగుదాం."

సంహిత తల అడ్డంగా ఊపింది. "మీరేం చెప్తారు?" అంది.

నాకు తోచినదే చెప్పాను. నాకు బడిలో ప్రార్థన జరుగుతుండగా అయిందనీ, చచ్చిపోతున్నానేమో అనుకున్నాననీ, మా అమ్మ నన్ను చూసి ఏడిస్తే నేనింకా హడలిపోయాననీ. "ఇందులో ఏడవడానికేం లేదు, సిగ్గుపడడానికీ లేదు. నొప్పిగా ఉన్నప్పుడు చెప్పు. చెప్పాలనిపించకపోతే పక్కన కూర్చో. నేను తెలుసుకుంటాను," అన్నాను.

పిల్ల నా భుజానికి తల ఆనించింది. జిరాఫీలు చూడకుండానే ఇంటికొచ్చేశాం.

లీలమ్మ నువ్వులు, బెల్లం దంచి ఉండలు చేసి ఉంచింది. "మీ ఆంధ్రోళ్ళు గిదే పెడ్తరంట గద, హరిప్రియ చెప్పింది," అంటూ ఒకటి సంహిత నోట్లో, ఇంకొకటి నా నోట్లో పెట్టింది.

సాయంత్రం వంశీధర్‌కి ఫోన్‌లో చెప్పాను. సంహిత అడిగినట్టే, తను గదిలో లేనప్పుడు చెప్పాను. కాసేపటికి అత్తగారు కామేశ్వరమ్మగారు ఫోన్ చేశారు. వేడుకకి ఎవరెవరిని పిలవాలి, హాలు ఎక్కడ, పట్టు లంగాకి ఏ కొట్టు అని గుక్క తిప్పుకోకుండా అడుగుతున్నారు.

"సంహితకి ఇష్టం లేదండీ," అన్నాను. "ఇంకెవరికీ చెప్పొద్దంది. నేను సరేనన్నాను."

"తల్లి లేని పిల్లకి ఏమీ చెయ్యలేదని రేపు అందరూ అంటారు బిందూ."

"అననివ్వండి అత్తయ్యగారూ. దానికి ఒద్దు."

ఆవిడ మాటకి నేను ఎదురు చెప్పడం అదే మొదటిసారి. ఫోన్ పెట్టేసి తిరిగితే సంహిత గుమ్మంలో ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో తెలియదు. "అన్నం పెట్టనా పిన్నీ?" అని వంటింట్లోకి వెళ్ళింది.

మర్నాడు ఉగాది. జోయెల్ ఎక్కణ్ణించో వేపపూత తెచ్చాడు. "మాకు పండుగ లేకున్నా గీ పచ్చడి మాత్రం విడువం," అన్నాడు. రంజాన్ పండుగ నాడు పక్కింటి నుంచి షీర్‌ ఖుర్మా, పాల సేమ్యా పాయసం, వచ్చింది, పింటూ రెండు గిన్నెలు తాగి చొక్కా మీద కాస్త ఒంపుకున్నాడు. ఆ మధ్యాహ్నం అందరం చాపల మీద పడుకుని ఉండగా లీలమ్మే అడిగేసింది. "ఏమాయె సంహితా, నీ చదువు ముచ్చట? బడి చూడమంటవా?"

సంహిత పైకప్పు వైపు చూస్తూ, "మేలో ఎండాకాలం సెలవులిస్తరు గద పెద్దమ్మా, అప్పుడొస్త. నెల ఉంట. పిన్నీ, మీరు కూడా ఉండాలె," అంది. ఆ ఒక్క మాటలో సగం ఈ ఊరు, సగం మా ఊరు. నేను పింటూ జుట్టు సర్దుతూ ఉండిపోయాను. ఆ క్షణాన ఎవరి మొహం వైపు చూసినా ఏడుస్తానని తెలుసు.

తిరుగు ప్రయాణం నాటి పొద్దున, సామాను కిందికి దించాక, నేనూ లీలమ్మా మేడ మీద పిట్టగోడ పక్కన టీ తాగుతూ కూర్చున్నాం. ఎండ ఇంకా ఎక్కలేదు.

"అక్కా," అన్నాను. ఎప్పటి నుంచి అలా అంటున్నానో నాకే గుర్తు లేదు. "ఆ రోజు మీరు జూకి వచ్చేసి ఉంటే, ఆ పిల్ల నన్ను ఎప్పటికీ..."

"ఊకో," అంది. గ్లాసు గోడ మీద పెట్టి, కొంగుతో మొహం తుడుచుకుంది. "ఒకటి చెప్త, నువ్వు నవ్వొద్దు. హరిప్రియ పోయినంక నేను ప్రతి ఆదివారం చర్చిల ప్రార్థన చేసిన. వంశీధర్ బాబు చిన్నోడు, ఎన్నడన్నా పెండ్లి చేసుకుంటడు గద. అందుకే దేవుణ్ణి అడిగిన. ప్రభువా, గీ పోరలకు ఎవరొస్తదో నాకు తెల్వదు, ఇప్పుడు ఏడ ఉన్నదో తెల్వదు. గని ఆమెను సల్లంగ చూడు. ఆమెకు కష్టం రానీయకు అని."

"పిల్లల్ని బాగా చూడాలని కాదా?"

"ఆమె మంచిగుంటెనే గద వీళ్ళను మంచిగ చూసేది!"

ఆ ఏళ్ళలో నేను రాజమండ్రిలో ఉన్నాను. మంచంలో ఉన్న నాన్నకి సేవ చేస్తూ, ఇంటి వరండాలో ట్యూషన్లు చెప్పుకుంటూ. వచ్చిన ఒకటో రెండో సంబంధాలు తప్పిపోయాక, అమ్మ కూడా ఆ మాట ఎత్తడం మానేసింది. నా కోసం ఈ లోకంలో ఎవరైనా ఏదైనా కోరుకుంటారని నేను అనుకోని కాలం అది. సరిగ్గా ఆ కాలంలోనే, నేనెన్నడూ చూడని ఊళ్ళో, నా పేరైనా తెలియని ఒక మనిషి వారం వారం నన్ను దేవుడికి అప్పజెబుతూ వచ్చింది.

 "ఇప్పుడు కూడా చేస్తున్నారా అక్కా?" అన్నాను.

"చెయ్యకుంటె ఎట్ల?" అంది లీలమ్మ. "ఇప్పుడైతె పేరు పెట్టి చేస్తున్న."

కింద ఆటో వచ్చి ఆగింది. పింటూ కేకలేస్తున్నాడు. నేను లేవలేదు. లీలమ్మ చెయ్యి నా రెండు చేతుల్లోకి తీసుకుని ఇంకాసేపు అలాగే కూర్చున్నాను.